మ్యూల్ జింకల మందల తరుగుదల: కరవు, పరభక్షకాలు, వేట నియంత్రణ

ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలోని ఎడారి అంచులు, పొదల మైదానాలు, కొండవాలులు మ్యూల్ జింకకు సహజ ఆవాసాలు. కంచర గాడిద చెవులను పోలిన పెద్ద చెవులు ఉండటం వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. 1817లో కాన్‌స్టాంటిన్ రఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ జాతిని శాస్త్రీయంగా వర్ణించాడు. ఒడోకోయిలస్ హెమియోనస్ అన్నది దీని నేటి శాస్త్రీయ నామం. కొలరాడో, యూటా, నెవాడా, ఐడహో, అరిజోనా, కాలిఫోర్నియా మొదలైన రాష్ట్రాలలో ఇది ప్రధానమైన వేట జంతువు. ఇరవయ్యో శతాబ్దపు మధ్య దశకాలలో విస్తారంగా ఉన్న మందలు ఆ తరువాత అనేక ప్రాంతాలలో క్షీణించాయి. 2000 నుండి 2021 వరకు గడిచిన 22 సంవత్సరాలు నైరుతి ఉత్తర అమెరికాలో కనీసం 1,200 ఏళ్లలోనే అత్యంత పొడికాలమని వృక్షవలయాల ఆధారంగా శాస్త్రవేత్తలు నిర్ధారించారు. మందలు కోలుకోవలసిన కాలంలోనే ఈ దీర్ఘకాలిక కరవు వచ్చిపడింది.

మందలు తగ్గిన ప్రతిసారీ మూడు రకాల సమాధానాలు వినిపిస్తాయి. వేటను తగ్గించాలన్నది మొదటిది. కొయోటీలను, కొండ సింహాలను నిర్మూలించాలన్నది రెండవది. వానలు పడితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయన్నది మూడవది. వీటిలో దేనిని ఎంచుకుంటే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి పశ్చిమ రాష్ట్రాలలో దశాబ్దాలుగా క్షేత్ర ప్రయోగాలు జరిగాయి. జింక చావుకు కంటికి కనిపించే చివరి కారణం ఒకటి, దాని వెనుక ఉన్న మూల కారణం మరొకటి కావచ్చునని ఆ ప్రయోగాలు వెల్లడించాయి. మేత, పోషణ, నేల, వర్షపాతం అధ్యయనం చేసే వ్యవసాయ శాస్త్ర విద్యార్థులకు ఇది అపరిచితమైన విషయం కాదు.

వేట నియంత్రణ పద్ధతి

అమెరికాలో వన్యమృగాలు భూయజమాని ఆస్తి కావు. ప్రజల తరఫున వాటి నిర్వహణ బాధ్యత ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాలది. ప్రతి రాష్ట్రాన్ని వేట మండలాలుగా విభజించి, మండలం వారీగా ఏటా ఎన్ని అనుమతి పత్రాలు ఇవ్వాలో నిర్ణయిస్తారు. దరఖాస్తులు ఎక్కువగా ఉన్నచోట లాటరీ ద్వారా ఎంపిక జరుగుతుంది. కొలరాడో రాష్ట్రం 1999లో జింక వేట అనుమతులన్నిటినీ ఈ పరిమిత విధానం కిందకు తెచ్చింది.

ఈ అనుమతుల రుసుము వన్యప్రాణి శాఖల ఆదాయంలో ముఖ్యమైన భాగం. దీనికి తోడు 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే 10 నుండి 11 శాతం పన్ను రాష్ట్రాలకు వన్యప్రాణి పునరుద్ధరణ పనుల నిమిత్తం చేరుతుంది. కనుక మందలు తగ్గితే అనుమతులు తగ్గుతాయి. అనుమతులు తగ్గితే మందలను కాపాడవలసిన శాఖ ఆదాయమే తగ్గుతుంది. ఉన్న కొద్ది నిధులను ఏ చర్యపై ఖర్చు చేయాలన్నది అందువల్ల కీలకమైన ప్రశ్న అవుతుంది.

అనుమతులలో అధిక భాగం మగ జింకలకే ఇస్తారు. ఒక మగ జింక అనేక ఆడ జింకలతో జతకడుతుంది కనుక మగవాటి సంఖ్య కొంత తగ్గినా పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు. యూటా రాష్ట్రంలో సాధారణ వేట మండలాలలో నూరు ఆడ జింకలకు 15 నుండి 20 మగ జింకలు ఉండేటట్లు లక్ష్యాలు పెట్టుకున్నారు. మంద పెరుగుదలను నిర్ణయించేది మగవాటి సంఖ్య కాదు. ఆడ జింకల మనుగడ, అవి కన్న పిల్లలలో ఏడాది నిండేవరకు బ్రతికేవాటి సంఖ్య — ఈ రెండే నిర్ణయాత్మకం.

దీనిని ఒక చిన్న లెక్కతో వివరించవచ్చు. మందలో నూరు ఆడ జింకలు ఉన్నాయని, ఏటా వాటిలో 15 చనిపోతాయని అనుకుందాం. మంద యథాతథంగా నిలవాలంటే ఏటా 15 ఆడ పిల్లలు ఎదిగి రావాలి. పిల్లలలో ఆడ, మగ సమానమనుకుంటే మొత్తం 30 పిల్లలు ఏడాది నిండేవరకు బ్రతకాలి. మ్యూల్ జింక సాధారణంగా కవలలను ఈనుతుంది. నూరు ఆడ జింకలకు 150 పిల్లలు పుట్టినా, ప్రతి అయిదింటిలో ఒకటి దక్కితే చాలు, మంద నిలుస్తుంది. అంతకన్నా తక్కువ దక్కితే, ఒక్క మగ జింకనైనా వేటాడకపోయినా మంద తరుగుతూనే ఉంటుంది. కొలరాడోలో అనుమతులు పరిమితం చేసిన తరువాత ఆడ జింకల నిష్పత్తిలో మగ జింకలు పెరిగాయి, కానీ పిల్లల నిష్పత్తి పెరగలేదు. వేట తగ్గింపు వేటగాళ్లకు పెద్ద కొమ్ముల జింకలను ఇచ్చిందే కాని మందకు పిల్లలను ఇవ్వలేదు.

కరవు జింకపై పనిచేసే తీరు

మ్యూల్ జింక నెమరువేసే జంతువే అయినా, ఆవు వలె ముతక గడ్డితో కాలం గడపలేదు. శరీర పరిమాణంతో పోల్చితే దాని రూమెన్ చిన్నది. అందువల్ల లేత ఆకులు, చిగుళ్లు, వెడల్పాకు మొక్కల వంటి సులభంగా జీర్ణమయ్యే మేతను ఏరుకొని తింటుంది. వేసవిలో ఎత్తైన కొండలపై ఈ మేత దొరుకుతుంది. శీతాకాలంలో మంచు తక్కువగా ఉండే దిగువ ప్రాంతాలకు వలస వచ్చి సేజ్‌బ్రష్, బిట్టర్‌బ్రష్ వంటి పొదల కొమ్మలతో సరిపెట్టుకుంటుంది. శీతాకాలపు మేతలో ముడి మాంసకృత్తులు తరచుగా 7 శాతానికి అటూ ఇటూ మాత్రమే ఉంటాయి. నెమరువేసే జంతువు శరీరాన్ని నిలుపుకొనడానికే దాదాపు అంత అవసరం. పాలిచ్చే తల్లికి అంతకు సుమారు రెట్టింపు కావాలి. కనుక శీతాకాలంలో జింక ప్రధానంగా ఆధారపడేది మేతపై కాదు, వేసవి, శరదృతువులలో శరీరంలో కూడబెట్టిన కొవ్వుపై.

జతకట్టే కాలం నవంబరు, డిసెంబరు. గర్భకాలం సుమారు 200 రోజులు. పిల్లలు జూన్ ప్రాంతంలో పుడతాయి. అంటే పిండం వేగంగా ఎదిగే చివరి మాసాలు, తల్లి శరీరంలో కొవ్వు అడుగంటే మాసాలు దాదాపు ఒక్కటే. కరవు ఈ క్రమంలో మూడు చోట్ల దెబ్బ తీస్తుంది. వేసవిలో మొక్కలు త్వరగా ముదిరి ఎండిపోవడం వల్ల వాటిలో మాంసకృత్తులు, జీర్ణత తగ్గుతాయి. పాలిచ్చే తల్లి కొవ్వు కూడబెట్టలేక బక్కచిక్కిన శరీరంతో శీతాకాలంలోకి ప్రవేశిస్తుంది. ఆ తల్లికి మరుసటి వేసవిలో పుట్టే పిల్ల తక్కువ బరువుతో పుట్టి, చాలినన్ని పాలు లేక బలహీనంగా పెరుగుతుంది. అందువల్ల ఒక ఏడాది కరవు ప్రభావం మరుసటి ఏడాది పిల్లలపై కనిపిస్తుంది. ఇటువంటి వేసవి తరువాత తీవ్రమైన మంచు కురిస్తే కరవులో అధికమాసం వచ్చినట్లే. ఆడ జింకల పిరుదుల వద్ద గల కొవ్వు మందాన్ని అల్ట్రాసౌండ్ పరికరంతో కొలిచి, మంద స్థితిని అంచనా వేసే విధానం నేడు పరిశోధనలో స్థిరపడింది.

కరవుతో పాటు మేత భూముల స్వరూపం మారిపోవడం మరొక సమస్య. బయటినుండి వచ్చిన చీట్‌గ్రాస్ అనే ఏకవార్షిక గడ్డి వేసవి ఆరంభానికే ఎండిపోయి మంటలకు ఇంధనమవుతుంది. కాలిన సేజ్‌బ్రష్ తిరిగి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. చీట్‌గ్రాస్ మాత్రం మరుసటి ఏడాదే మొలిచి ఆ చోటును ఆక్రమిస్తుంది. ఈ విధంగా శీతాకాలపు మేత భూమి శాశ్వతంగా కుదించుకుపోతుంది. అటువంటి చోట వానలు తిరిగి పడినా మంద పూర్వపు సంఖ్యకు చేరదు. వానలు పడితే అన్నీ సర్దుకుంటాయన్న మూడవ సమాధానంలోని లోపం ఇదే.

రౌండ్ వ్యాలీ అనుభవం

కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతాల తూర్పు పాదంలో బిషప్ పట్టణానికి సమీపాన రౌండ్ వ్యాలీ అనే లోయ ఉంది. అక్కడ శీతాకాలం గడిపే మ్యూల్ జింకలు 1985లో సుమారు 6,000 ఉండేవి. 1987లో ఆరంభమైన కరవు వల్ల బిట్టర్‌బ్రష్ పెరుగుదల కుంటుపడింది. 1991 నాటికి మందలో వెయ్యి జింకలు కూడా మిగలలేదు. ఆరేళ్లలో అయిదింట నాలుగు వంతులకు పైగా తరిగిపోయాయి.

ఆ లోయలో కొండ సింహాలు కూడా ఉన్నాయి. వాటి ప్రధాన ఆహారం ఈ జింకలే. జింకలు తగ్గిన వెంటనే కొండ సింహాలు తగ్గలేదు. కొన్ని సంవత్సరాల ఆలస్యంతో తగ్గాయి. ఆ మధ్యకాలంలో కొద్ది జింకలకు ఎక్కువ సింహాలు ఉన్నట్లు కనిపించింది. ఆ దశను మాత్రమే చూసినవారు సింహాలే మందను తినివేశాయని భావించడం సహజం. కానీ మేత మెరుగుపడిన కొద్దీ, సింహాలు ఇంకా ఉండగానే, మంద నెమ్మదిగా కోలుకోవడం ఆరంభించింది. పతనానికీ, పునరుద్ధరణకూ ప్రధాన చోదకశక్తి మేతేనని దీర్ఘకాలిక అధ్యయనం తేల్చింది.

అయితే పరభక్షకాలకు అసలు పాత్రే లేదని దీని అర్థం కాదు. ఈ మందలో కొన్ని జింకలు వేసవిలో పర్వత శిఖరం దాటి, వర్షం ఎక్కువగా పడే పడమటి వాలుకు వెళతాయి. అక్కడ మేత మెరుగ్గా ఉన్నప్పటికీ నల్ల ఎలుగుబంట్లు అప్పుడే పుట్టిన పిల్లలను ఎక్కువగా చంపడం వల్ల ఆ లాభం పిల్లల సంఖ్యలో కనిపించలేదు. ఒకే మందలో రెండు వాలుల కథలు వేరుగా ఉండటం గమనార్హం.

పరభక్షకాలను తగ్గిస్తే మందలు పెరుగుతాయా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే రెండు భావనలు స్పష్టంగా తెలియాలి. పరభక్షకం చంపిన జింక, చంపకపోయినా ఆకలితోనో చలితోనో చనిపోయేదే అయితే ఆ మరణాన్ని పరిహారక మరణం అంటారు. అది చంపకపోతే ఆ జింక బ్రతికి ఉండేదే అయితే దానిని అదనపు మరణం అంటారు. మొదటి రకం మరణాలను అరికట్టినా మంద పెరగదు. చావు కారణం మాత్రమే మారుతుంది. మంద సంఖ్య మేత భూమి ధారణ సామర్థ్యానికి, అంటే ఆ భూమి పోషించగల జంతువుల సంఖ్యకు, దగ్గరగా ఉన్నప్పుడు మరణాలు ఎక్కువగా పరిహారకమవుతాయి. మేత సమృద్ధిగా ఉండి మంద తక్కువగా ఉన్నప్పుడు అదనపు మరణాల పాలు పెరుగుతుంది.

కొలరాడోలోని పియాన్స్ బేసిన్‌లో జరిగి 1992లో ప్రచురితమైన అధ్యయనం ఈ భావనకు క్షేత్ర నిదర్శనం. అక్కడ కొయోటీలను తగ్గించినప్పుడు వాటి వల్ల చనిపోయే పిల్లలు తగ్గాయి, ఆకలితో చనిపోయే పిల్లలు పెరిగాయి. శీతాకాలం దాటి బ్రతికిన పిల్లల నిష్పత్తి మారలేదు. కంచె వేసిన క్షేత్రాలలో వేర్వేరు సాంద్రతలలో జింకలను ఉంచినప్పుడు, సాంద్రత ఎక్కువైన చోట పిల్లల మనుగడ తగ్గింది.

ఆగ్నేయ ఐడహోలో 1997 నుండి 2003 వరకు ఎనిమిది వేట మండలాలలో మరింత విస్తృతమైన ప్రయోగం జరిగింది. కొన్ని మండలాలలో కొయోటీలను, కొన్నింటిలో కొండ సింహాలను తగ్గించి, మిగిలిన వాటితో పోల్చారు. కొయోటీలను తొలగించినందువల్ల మంద వృద్ధి రేటు పెరగలేదు. కుందేళ్లు, ఎలుకల వంటి ప్రత్యామ్నాయ ఆహారం కొరవడిన సంవత్సరాలలో మాత్రం కొత్తగా పుట్టిన పిల్లలకు కొంత మేలు కనిపించింది. కొండ సింహాలను తొలగించిన చోట పిల్లల నిష్పత్తి కొంత మెరుగుపడినా, మంద దీర్ఘకాలిక ధోరణి గణనీయంగా మారలేదు. ఏటేటా హెచ్చుతగ్గులను ప్రధానంగా నిర్ణయించినది వాతావరణమే. అయినప్పటికీ యూటా రాష్ట్రం 2012 నుండి చంపిన ఒక్కొక్క కొయోటీకి 50 డాలర్ల బహుమానం ఇచ్చే పథకాన్ని అమలుచేస్తోంది. కంటికి కనిపించే శత్రువుపై చర్య తీసుకోవడం ప్రజలకు నచ్చుతుంది. పరిశోధన ఫలితం విధానంగా మారడంలో ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడే ఉంది.

మేతను మెరుగుపరచిన ప్రయోగం

కొలరాడో నైరుతి భాగంలోని అన్‌కంపాగ్రే పీఠభూమిపై 2000 నుండి 2004 వరకు జరిగిన ప్రయోగం ఇదే ప్రశ్నను తిరగేసి అడిగింది. పరభక్షకాలను ముట్టుకోకుండా శీతాకాలపు పోషణను మాత్రం మెరుగుపరిస్తే ఏమవుతుంది? ఒక ప్రాంతంలోని జింకలకు గుళికల రూపంలో సమతుల దాణా ఇచ్చారు. పోల్చడానికి మరొక ప్రాంతాన్ని యథాతథంగా విడిచిపెట్టారు. దాణా అందిన ప్రాంతంలో పిల్లల శీతాకాలపు మనుగడ స్పష్టంగా పెరిగింది. మంద వార్షిక వృద్ధి గుణకం దాణా అందిన చోట 1.165, అందని చోట 1.033గా అంచనా వేశారు. అంటే మొదటి మంద ఏటా సుమారు 16 శాతం, రెండవది 3 శాతం పెరిగే స్థితిలో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, దాణా తిన్న పిల్లలను కొయోటీలు, కొండ సింహాలు చంపడం కూడా తగ్గింది. పరభక్షకాలు అంతే ఉన్నాయి. మారినది జింక శరీర స్థితి మాత్రమే.

దాణా వేయడం ఒక ప్రయోగ సాధనం, అది నిర్వహణ పద్ధతి కాదు. జింకలను ఒకే చోట గుమిగూడేటట్లు చేస్తే వ్యాధులు వ్యాపిస్తాయి, ఖర్చు కూడా అపారం. అందువల్ల అదే పీఠభూమి పరిసరాలలో తరువాతి అధ్యయనం సహజ మేతను మెరుగుపరచే మార్గాన్ని పరీక్షించింది. దట్టంగా అలముకున్న పిన్యన్, జునిపర్ చెట్లను యంత్రాలతో తొలగించి, తరువాత కలుపు నివారణ, విత్తనాలు చల్లడం వంటి అనుబంధ పనులు కూడా చేసిన చోట శీతాకాలం దాటిన పిల్లలు సుమారు 77 శాతం. ఏ పనీ చేయని చోట సుమారు 67 శాతం. చెట్లు తొలగించి ఊరుకున్న చోట లాభం స్వల్పమే. భూమిని శుభ్రం చేయడంతో పని పూర్తికాదని, తరువాతి యాజమాన్యమే ఫలితాన్నిస్తుందని రైతుకు చెప్పే మాటే ఇక్కడా వర్తించింది.

కైబాబ్ అనుభవం

మందను పెంచడమే లక్ష్యమైతే ఏమవుతుందో అరిజోనాలోని కైబాబ్ పీఠభూమి చరిత్ర చెబుతుంది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దానిని వేట నిషిద్ధ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించాడు. కొండ సింహాలను, తోడేళ్లను, కొయోటీలను పెద్ద సంఖ్యలో చంపారు. అప్పట్లో సుమారు 4,000గా భావించిన జింకలు 1924 నాటికి 30,000 నుండి 1,00,000 వరకు పెరిగినట్లు వేర్వేరు అంచనాలు వచ్చాయి. మేత నశించి ఆ తరువాతి శీతాకాలాలలో జింకలు వేల సంఖ్యలో ఆకలితో చనిపోయాయి. 1924 డిసెంబరులో జింకలను గుంపుగా తోలి గ్రాండ్ కాన్యన్ దాటించాలన్న ప్రయత్నం పూర్తిగా విఫలమైంది. అంత పెరుగుదల జరిగిందా, దానికి పరభక్షకాల తొలగింపు ఒక్కటే కారణమా అని 1970లో గ్రేమ్ కాగ్లీ సందేహాలు లేవనెత్తాడు. పశువులు, గొర్రెల మేత తగ్గడం కూడా కారణం కావచ్చునన్నాడు. 2006లో ప్రచురితమైన ఆస్పెన్ చెట్ల వయస్సు అధ్యయనం, ఆ కాలంలో చిగురించిన చెట్లు చాలా వరకు మేతకు గురై ఎదగలేదని చూపి, జింకల పెరుగుదల వాస్తవమేనన్న వాదాన్ని బలపరచింది. కారణాల పాళ్లపై చర్చ ఎలా ఉన్నా, మేత కంటే మంద మించినప్పుడు తుది తీర్పు ఆకలిదే అన్నది నిర్వివాదం.

కరవు సంవత్సరంలో వేట

కరవు వేటగాడి పనిని కూడా మారుస్తుంది. నీటి వనరులు కొద్దిగా మిగలడం వల్ల జింకలు వాటి చుట్టూ చేరినా, పగటి ఎండలో నీడగల ఉత్తర వాలులలో ఉండి రాత్రి వేళ సంచరిస్తాయి. ఎండుటాకుల చప్పుడుకు దూరం నుండే అప్రమత్తమవుతాయి. ఎత్తైన ప్రదేశాలకు గాని, నీటిపారుదల గల లూసర్న్ చేలకు గాని చేరడం వల్ల అలవాటైన చోట్ల కనబడవు. మగ జింకల కొమ్ములు వసంతం నుండి వేసవి చివరి వరకు పెరుగుతాయి కనుక ఆ ఏడాది కొమ్ములు చిన్నవిగా ఉంటాయి. మంటల ప్రమాదం వల్ల అడవులే మూతపడవచ్చు. 2021 ఆగస్టు చివర కాలిఫోర్నియాలోని జాతీయ అడవులను దాదాపు అన్నిటినీ రెండు వారాలపాటు మూసివేశారు.

ఇటువంటి ఏడాది అనుమతులను తగ్గించడం సబబే, కాని దాని ప్రయోజనం ఏమిటో స్పష్టంగా చెప్పాలి. మగ జింకల అనుమతులు తగ్గిస్తే వచ్చే ఏళ్లకు మగవి మిగులుతాయి. మంద పెరుగుదల మాత్రం దానివల్ల రాదు. ఆడ జింకల వేట విషయం వేరు. మేతకు మించి మంద ఉన్నచోట కరవుకు ముందే కొన్ని ఆడ జింకలను తగ్గించడం మిగిలిన వాటికి మేత మిగుల్చుతుంది. మంద ఇప్పటికే పలచబడిన చోట అదే వేట తరుగుదలను వేగవంతం చేస్తుంది. కనుక ఆడ జింకల శరీర కొవ్వు, శీతాకాలం చివర పిల్లల నిష్పత్తి, పొదల వార్షిక ఎదుగుదల చూడకుండా సంఖ్య ఒక్కటే చూసి తీసుకునే నిర్ణయం సరైనది కాబోదు.

తెలుగు ప్రాంతాలకు వర్తింపు

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నిషిద్ధం. కనుక అనుమతుల విధానం ఇక్కడ వర్తించదు. పైగా మన కృష్ణజింక ఏటా కొమ్ములు రాల్చే నిజమైన జింక కాదు, శాశ్వతమైన కొమ్ములుండే ఆంటిలోప్ వర్గానికి చెందినది. అయినా విశ్లేషణ పద్ధతి వర్తిస్తుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం పరిసరాలలో కృష్ణజింకలు పెరిగి, చుట్టుపక్కల చేలలో పడి రైతులకు నష్టం కలిగించాయి. అక్కడ తోడేళ్లు కూడా ఉన్నాయి. ఇటువంటి చోట ఫిర్యాదు అందినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన మొదటి ప్రశ్న జంతువులు ఎన్ని అన్నది కాదు. సహజ మేత ఏ నెలలో ముదిరిపోతోంది, అదే నెలలో ఏ పైరు లేత దశలో ఉంది, ఆడ జంతువుల వెంట పిల్లలు ఎన్ని ఉన్నాయి అన్నవి ముందుగా తెలియాలి. మేతలో మాంసకృత్తుల విశ్లేషణ ఏ పశుపోషణ ప్రయోగశాలలోనైనా చేయదగినదే.

ముగింపు

మ్యూల్ జింకలపై జరిగిన ప్రయోగాలు వేటగాడిని గాని, కొండ సింహాన్ని గాని పూర్తిగా నిర్దోషిగా ప్రకటించలేదు. ఏ మరణం అదనపుది, ఏది పరిహారకం అన్నది మంద, మేత భూమిల మధ్య నిష్పత్తిని బట్టి మారుతుందని మాత్రం అవి స్థాపించాయి. మేత చాలని చోట పరభక్షకాలపై పెట్టిన ఖర్చు చావు కారణాన్ని మారుస్తుంది, చావులను తగ్గించదు. మేత చాలినంత ఉండీ పిల్లలు దక్కని చోట పరభక్షకాల పాత్రను పరిశీలించవలసిందే. ముందు తల్లి జింక శరీర స్థితిని కొలిచి, తరువాత చర్యను ఎంచుకోవాలి. ఈ వరుస తప్పితే, తగ్గుతున్న మందల నుండి వచ్చే పరిమిత నిధులు మందలకే ఉపయోగపడని పనులపై ఖర్చయిపోతాయి.